తప్పిన కిక్కు, అవతలి జట్టుకు ఆరు పాయింట్లు: 2013 ఐరన్ బౌల్ చివరి సెకనులో అసలేం జరిగింది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. మీరు ఉద్యోగరీత్యా ఈ మధ్యనే అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌కు వచ్చారు. థ్యాంక్స్‌గివింగ్ వారం రాగానే ఆఫీసులో సగం మంది ఒక పాత వీడియో పెట్టుకుని మురిసిపోవడం, మిగతా సగం మంది కాఫీ కప్పుతో పక్కకు తప్పుకోవడం గమనించారు. అది 2013 ఐరన్ బౌల్‌ది, అంటే ఈ రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల జట్లు అలబామా, ఆబర్న్ ఏటా తలపడే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ది. ఆ వీడియోలో అలబామా జట్టు ఫీల్డ్ గోల్ కోసం తన్నిన బంతి దూరం చాలక దిగిపోతుంటే, ఆబర్న్ ఆటగాడు దాన్ని పట్టుకుని మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి మ్యాచ్ గెలిపించాడు. కిక్కు తప్పితే ఆట అక్కడితో ఆగిపోవాలి కదా, అవతలి జట్టుకు పాయింట్లు ఎలా వస్తాయి, ఇలా కుదిరేటప్పుడు ప్రతి జట్టూ ప్రతిసారీ ఎందుకు చేయదు, ఆ రోజు తప్పు ఎవరిది అన్నవి మీ సందేహాలు. చివర్లో మీ అబ్బాయి చదివే హైస్కూల్ మ్యాచ్‌లో ఒక కుర్రవాడు అచ్చం అలాగే బంతి పట్టుకుని పరుగు అందుకోబోతే అధికారి ఈల వేసి ఆపేశారని, అది అన్యాయంగా తోచిందని కూడా రాశారు.

నేను ఈ రాష్ట్రంలో స్థిరపడి చాలా కాలమైంది. పగలు ఇంజినీరింగ్ ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం రాత్రుల్లో హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు అధికారిగా నిలబడటం పదేళ్లకు పైగా నాకున్న వ్యసనం. కనుక నియమాల వైపు నుంచే మొదలుపెడతాను. నా అభిమాన జట్టు ఏదో చెప్పను. ఆ ఒక్క ముక్క చెబితే ఈ రాష్ట్రంలో సగం మంది మిగతా సమాధానం చదవరు.

మన గందరగోళానికి మూలం చాలావరకు క్రికెట్. సిక్స్ కొట్టబోయి బౌండరీ దగ్గర క్యాచ్ ఇస్తే బ్యాటర్ అవుట్ అవుతాడు, అంతటితో సరి. ఫీల్డింగ్ జట్టుకు ఆ క్యాచ్ వల్ల పరుగులేమీ జమ కావు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఆ కళ్లతో చూడకుండా కబడ్డీ కళ్లతో చూస్తే ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. కబడ్డీలో కూతకు వెళ్లిన వాడు పాయింటు తెస్తాడో, పట్టుబడి ఎదుటి జట్టుకే పాయింటు ఇస్తాడో ఆ కూత ముగిసేదాకా తేలదు. పైగా చివరి రైడ్ మొదలయ్యాక గడియారం అయిపోయినా ఆ రైడ్ పూర్తయ్యే వరకు ఆట సాగుతుంది. ఫుట్‌బాల్‌లోనూ అంతే. ఒకసారి స్నాప్ జరిగితే, అంటే బంతిని వెనక్కి అందిస్తే, గడియారం సున్నాకు చేరినా ఆ ఎత్తు (ఇంగ్లిష్‌లో ‘ప్లే’) ముగిసే వరకు బంతి బతికే ఉంటుంది, బతికున్న బంతితో ఏ జట్టయినా పాయింట్లు సంపాదించవచ్చు.

ఇక ఫీల్డ్ గోల్ దగ్గరకు వద్దాం. మైదానం 100 గజాలు, దానికి రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్ ఉంటుంది, మైదానం ఆగి ఎండ్ జోన్ మొదలయ్యే గీతే గోల్ గీత. కాలేజీ ఆటలో గోల్‌పోస్టులు ఆ ఎండ్ జోన్‌కు వెనక గీత మీద ఉంటాయి. అడ్డకడ్డీ నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. స్నాప్ జరిగే గీతకు ఏడెనిమిది గజాలు వెనక హోల్డర్ మోకాలి మీద కూర్చుని బంతిని నిలబెడతాడు, కిక్కర్ తంతాడు. బంతి రెండు నిలువు కడ్డీల మధ్య నుంచి, అడ్డకడ్డీ మీదుగా పోతే మూడు పాయింట్లు. కడ్డీల పక్క నుంచి మైదానం దాటిపోతే, లేదా ఎవరూ తాకకుండా ఎండ్ జోన్‌లో నేలను తాకితే, ఆ క్షణమే బంతి చచ్చిపోతుంది. మనం టీవీలో చూసే తప్పిన కిక్కుల్లో చాలావరకు ఇలాగే ముగుస్తాయి కాబట్టి, కిక్కు తప్పడం అంటే ఆట ఆగిపోవడమే అన్న అభిప్రాయం కొత్తవాళ్లలో పాతుకుపోతుంది.

అయితే దూరం చాలని కిక్కు వేరే జాతి. అది కడ్డీలకు ముందే, ఎండ్ జోన్ గగనంలోనే కిందికి దిగుతుంది. నేలను తాకేలోగా అక్కడ ఎదురుచూస్తున్న ఆటగాడు దాన్ని గాల్లోనే అందుకుంటే, నియమాల దృష్టిలో అది పంట్‌ను, అంటే బంతిని ఎదుటి జట్టుకు అప్పగిస్తూ దూరంగా తన్నే కిక్కును, అందుకున్నట్టే: పట్టుకున్నవాడు పరుగెత్తవచ్చు, ఎదుటి గోల్ గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మీరు చూసిన ఆ పరుగుకు జనం పెట్టిన పేరు కూడా ఆ ఆరు నుంచే పుట్టింది. ప్రత్యర్థి విసిరిన పాస్‌ను అడ్డుకుని టచ్‌డౌన్ చేస్తే దాన్ని ‘పిక్ సిక్స్’ అనడం ఎప్పటినుంచో ఉంది. కిక్కును పట్టుకుని అదే పని చేసినందుకు ప్రాస కలిపి ‘కిక్ సిక్స్’ అన్నారు.

మరి ప్రతిసారీ ఎందుకు చేయరు? ఇక్కడే ఒక నియమం అడ్డుపడుతుంది, చాలామంది అభిమానులకు కూడా అది సరిగా తెలియదు. కాలేజీ ఆటలో ఫీల్డ్ గోల్ తప్పి, స్నాప్ గీత దాటాక దాన్ని రక్షణ జట్టు తాకకపోతే, బంతి వాళ్లకు స్నాప్ జరిగిన చోటే దక్కుతుంది. ఆ చోటు 20 గజాల గీతకన్నా గోల్ గీతకు దగ్గరగా ఉంటే 20 దగ్గరికి జరుపుతారు. ఇప్పుడు లెక్క చూడండి. స్నాప్ మన గోల్ గీతకు 38 గజాల దూరంలో, అంటే 38 గజాల గీత దగ్గర, జరిగిందనుకుందాం. కిక్కు తప్పితే చేతులు కట్టుకుని నిలబడ్డా 38 దగ్గర బంతి మనదే. ఆశపడి ఎండ్ జోన్‌లో పట్టుకుని అక్కడే కూర్చుంటే టచ్‌బ్యాక్, 20 దగ్గర మొదలుపెట్టాలి, అంటే చేజేతులా 18 గజాలు పోయాయి. పరుగెత్తబోయి 12 దగ్గర పట్టుబడితే 26 గజాలు పోయాయి. చేతిలోంచి జారితే బంతే పోవచ్చు. అందుకే మామూలు సమయాల్లో ఏ కోచ్ అయినా ‘ముట్టుకోవద్దు’ అనే చెబుతాడు. వృత్తి లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ముట్టుకోకుండా వదిలేయాలన్న ఎర ఇంకా పెద్దది. అక్కడ తప్పిన కిక్కు తర్వాత బంతి స్నాప్ జరిగిన చోట కాకుండా, హోల్డర్ బంతి నిలబెట్టిన చోట దక్కుతుంది, అంటే ఇంకో ఏడెనిమిది గజాలు అదనం.

ఈ లెక్క తలకిందులయ్యే సందర్భం ఒక్కటే: గడియారంలో ఇక సమయం మిగలనప్పుడు. అర్ధభాగపు చివరి ఎత్తు అయితే బంతి ఏ గీత దగ్గర దక్కినా దాంతో చేసేదేమీ లేదు, కాబట్టి పరుగెత్తితే కొత్తగా పోయేది చాలా తక్కువ. సరిగ్గా అదే సమయంలో ఎదుటి జట్టు కూడా మామూలుగా సాహసించని దూరం నుంచి తంతుంది, ఎందుకంటే తప్పితే నష్టం లేదని వాళ్లూ అనుకుంటారు. దూరం పెరిగేకొద్దీ బంతి చాలక పడే అవకాశం పెరుగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రసిద్ధమైన తిరుగు పరుగులు చూడండి: 2005లో నేథన్ వాషర్ 108 గజాలు, 2007 నవంబర్ 4న ఆంటోనియో క్రొమార్టీ 109 గజాలు, 2021 సెప్టెంబర్ 26న జమాల్ ఆగ్న్యూ 109 గజాలు పరుగెత్తారు, మూడూ మొదటి అర్ధభాగపు చివరి ఎత్తులే. ఆగ్న్యూ పట్టుకున్నది 68 గజాల నుంచి తన్నిన బంతి. చిత్రమేమిటంటే అదే రోజు మరో ఊళ్లో జస్టిన్ టక్కర్ 66 గజాల నుంచి తన్నిన బంతి అడ్డకడ్డీకి తగిలి, ఎగిరి అవతల పడి, అప్పటికి లీగ్ చరిత్రలోనే అతి దూరపు ఫీల్డ్ గోల్‌గా నమోదైంది.

2013 నవంబర్ 30, శనివారం. ఆబర్న్‌లోని జోర్డన్-హేర్ స్టేడియంలో 87,451 మంది ఉన్నారు. అలబామా అప్పటికి 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు, దేశంలో మొదటి ర్యాంకు, వరసగా మూడో జాతీయ టైటిల్ మీద కన్ను. ఆబర్న్ నాలుగో ర్యాంకు. అంతకుముందు ఏడాది ఇదే ఆబర్న్ 12 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి, కాన్ఫరెన్స్ (తమ ప్రాంతపు జట్ల లీగ్) మ్యాచ్‌లు ఎనిమిదికి ఎనిమిదీ ఓడి కోచ్‌ను మార్చుకుంది. కొత్తగా వచ్చిన గస్ మాల్జాన్‌కు అది తొలి సీజన్. రెండు వారాల ముందు, నవంబర్ 16న, ఇదే మైదానంలో జార్జియా మీద ఓటమి అంచున ఉండగా ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) నిక్ మార్షల్ విసిరిన బంతి ఇద్దరు ప్రత్యర్థుల చేతుల మీదుగా ఎగిరి రికార్డో లూయిస్ ఒడిలో పడింది, 73 గజాల టచ్‌డౌన్‌తో ఆబర్న్ 43-38తో బయటపడింది. ఒక ఊరికి ఒక ఏడాదికి అంత అదృష్టం చాలనే మేమంతా అనుకున్నాం.

చివరి సెకను గురించి మాట్లాడేవాళ్లు మరచిపోయే ముఖ్య విషయం, ఆ రోజు అలబామా కిక్కింగ్ అప్పటికే కుదేలై ఉంది. సీనియర్ కిక్కర్ కేడ్ ఫాస్టర్ మూడుసార్లు తన్నితే మూడూ విఫలమయ్యాయి: 44 గజాల కిక్కు ఒకటి తప్పింది, తర్వాత ఒకటి లోపలికి పోయినా, సొంత జట్టు ఆటగాడు స్నాప్‌కు ముందే కదిలినందుకు రద్దయి, వెనక్కి జరిగి తన్నిన 33 గజాలది తప్పింది, నాలుగో క్వార్టర్‌లో 44 గజాలది అడ్డగించారు. మధ్యలో 28-21 ఆధిక్యంతో ఆబర్న్ 13 గజాల గీత దగ్గర, నాలుగో డౌన్‌లో, అంటే పది గజాలు సాగడానికి ఉండే నాలుగు అవకాశాల్లో చివరిదాంట్లో, ఒక్క గజం కావలసినప్పుడు, కోచ్ నిక్ సేబన్ ఫీల్డ్ గోల్ వద్దనుకుని పరుగుకు పంపితే అదీ ఆగిపోయింది. కిక్కర్ మీద నమ్మకం సడలిన జట్టు ఇలాగే ఆడుతుంది. ఆ మూడు పాయింట్లు ఏ ఒక్కసారి దక్కినా చివరి సెకను కథే ఉండేది కాదు. ఆట ముగియడానికి 32 సెకన్లు ఉండగా మార్షల్ అందించిన 39 గజాల పాస్‌తో సామీ కోట్స్ టచ్‌డౌన్ చేయడంతో స్కోరు 28-28 అయింది.

తర్వాత జరిగిన దాంట్లో ఒక వ్యంగ్యం దాగి ఉంది. అలబామా పరుగువీరుడు టీ.జే. యెల్డన్ 24 గజాలు పరుగెత్తి ఆబర్న్ 38 దగ్గర సైడ్‌లైన్ దాటాడు. గడియారం సున్నా చూపించింది. మామూలుగా అయితే ఓవర్‌టైమ్. సేబన్ ఒప్పుకోలేదు, అతడి కాలు గీత దాటినప్పుడు ఇంకా సమయం ఉందని పట్టుబట్టాడు. వీడియో పరిశీలించి అధికారులు ఒక్క సెకను తిరిగి ఇచ్చారు. ఆ నిర్ణయం నూటికి నూరు పాళ్లూ సరైనదే. ఆబర్న్ గెలిచింది ఏ సెకనులోనో ఆ సెకనును పోట్లాడి తెచ్చింది అలబామానే.

ఆ ఒక్క సెకనుకు సేబన్ ఫాస్టర్‌ను పక్కనపెట్టి ఆడమ్ గ్రిఫిత్ అనే తొలి ఏడాది కుర్రవాణ్ని 57 గజాల కిక్కుకు పంపాడు. ఆబర్న్ మొదట గోల్‌పోస్టుల ముందు ర్యాన్ స్మిత్ అనే రక్షకుణ్ని నిలబెట్టింది. అప్పుడు మాల్జాన్ టైమౌట్ తీసుకున్నాడు. కిక్కర్‌ను కాసేపు నిలబెట్టి గుండెదడ పెంచడానికి ఇలాంటి టైమౌట్లు తీసుకోవడం మామూలే. నా దృష్టిలో ఆ విరామం అసలు ప్రయోజనం వేరు: ఆ వ్యవధిలో స్మిత్‌ను తీసి క్రిస్ డేవిస్‌ను వెనక నిలబెట్టారు. డేవిస్ కార్నర్‌బ్యాక్, అంటే పాస్‌లను అడ్డుకునే వేగమైన రక్షకుడు, అంతకన్నా ముఖ్యంగా ఆ జట్టుకు పంట్లు అందుకుని పరుగెత్తేది అతడే. అదే నెల 9న టెనెసీ మీద ఒక పంట్‌ను 85 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఎత్తు నుంచి దిగే బంతిని పరుగు ఆపకుండా అందుకోవడం, మొదటి రెండడుగుల్లోనే ఎటు ఖాళీ ఉందో చదవడం వేరే విద్య. ఆ మార్పును అదృష్టం అనడానికి నాకు నోరు రాదు.

గ్రిఫిత్ తన్నాడు. బంతి చాలలేదు. డేవిస్ ఎండ్ జోన్‌లో దాదాపు తొమ్మిది గజాల లోతున, వెనక గీతకు ఇంచుమించు గజం ముందర, దాన్ని అందుకున్నాడు. ముందు నేరుగా వచ్చి, తన ఎడమ వైపు సైడ్‌లైన్ పట్టుకుని, గీతకు అతి దగ్గరగా సాగిపోయాడు. ఎండ్ జోన్ నుంచి ఎండ్ జోన్‌కు 109 గజాలంటే ఇంచుమించు 100 మీటర్లు. ఒలింపిక్స్ పరుగు దూరాన్ని హెల్మెట్, భుజాల కవచం వేసుకుని, నాలుగు క్వార్టర్లు ఆడిన కాళ్లతో పరుగెత్తాడన్నమాట. ఇక్కడ అంకెల విషయంలో ఒక పేచీ ఉంది, మీ సహోద్యోగులు దాని మీదే వాదించుకుంటున్నారేమో. కాలేజీ లెక్కల్లో పరుగు ఎంత లోతు నుంచి మొదలైనా 100 గజాలకు మించి రాయరు, అందుకే అధికారిక పుస్తకంలో అది 100. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎండ్ జోన్ గజాలనూ కలుపుతారు, అందుకే అక్కడ 108, 109 కనిపిస్తాయి. స్కోరు 34-28 దగ్గర ఆగడానికీ కారణముంది. టచ్‌డౌన్ తర్వాత వచ్చే అదనపు పాయింటు ప్రయత్నం, సమయం ముగిసి ఫలితం మారనప్పుడు, అక్కర్లేదు. ఆ పరిస్థితిలో మైదానం మీద దానికి చోటు కూడా లేదు. అప్పటికే జనం కంచె దూకేశారు.

ఇప్పుడు అసలు విషయం, అంటే డేవిస్‌ను ఎవరూ ఎందుకు ఆపలేకపోయారన్నది. ఇది అతడి వేగంతో మాత్రమే తేలే లెక్క కాదు, ఎదుట ఎవరున్నారన్న దానితో తేలే లెక్క. ఫీల్డ్ గోల్ జట్టులో పదకొండు మందిలో ఒకరు హోల్డర్, ఒకరు కిక్కర్. మిగతా తొమ్మిది మంది స్నాప్ గీత మీద భుజానికి భుజం ఆనించి గోడలా నిలబడాలి, ఎందుకంటే సందు దొరికితే ప్రత్యర్థి దూరి కిక్కును అడ్డగిస్తాడు. ఆ గోడ కట్టేది 300 పౌండ్ల, అంటే 136 కిలోల, మల్లులతో. వాళ్ల పని నిలబడటం. పరుగు వాళ్ల నుంచి ఎవరూ ఆశించరు. పంట్ జట్టు దీనికి పూర్తిగా భిన్నం: అందులో రెండు అంచుల్లో వేగమైన కుర్రవాళ్లు స్నాప్ జరగగానే ముందుకు దూసుకుపోతారు, బంతి నాలుగైదు సెకన్లు గాల్లో ఉండేలోగా అందుకునేవాడి మీద పడతారు. ఫీల్డ్ గోల్‌లో ఆ అంచువాళ్లు లేరు. తొమ్మిది మందీ నడిమధ్యన ఒకే ముద్దగా ఉంటారు, కిక్కు అడుగు చప్పుడు వినే దాకా అడ్డు తీయకూడదు, ఆపైన తలెత్తి బంతి ఎటు పోయిందో చూసి, అప్పుడు వెడల్పుగా విచ్చుకోవాలి. మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు. మధ్యలో ముద్దగా మొదలైన భారీకాయులు అంత వెడల్పు కప్పేలోగా ఒక పంట్ వీరుడు సైడ్‌లైన్ చేరుకున్నాడంటే, అతడికీ గోల్ గీతకూ మధ్య నిజంగా పరుగెత్తగలవాళ్లు ఒకరో ఇద్దరో మిగులుతారు. ఆ రోజు హోల్డర్‌గా ఉన్న కోడీ మాండెల్ అసలు పని పంట్లు తన్నడం. మైదానం మధ్యకు వచ్చేసరికి చివరి ఆశ అతడే అయ్యాడు, అదీ తప్పింది.

అందుచేత ‘57 గజాల నుంచి తన్నడమే పిచ్చి పని’ అనే వాదనతో నేను ఏకీభవించను. సమంగా ఉన్న మ్యాచ్‌లో ఆఖరి సెకను ఉంటే, పాయింట్ల కోసం ఏదో ఒకటి ప్రయత్నించడం సబబే. 38 గజాల నుంచి ఎండ్ జోన్‌లోకి పాస్ విసిరినా, ప్రత్యర్థి దాన్ని పట్టుకుని పరుగెత్తే ప్రమాదం అందులోనూ ఉంది. లోపం తన్నడంలో లేదు, తన్నిన తర్వాతి పది సెకన్ల గురించి సిద్ధం కాకపోవడంలో ఉంది. 57 గజాలంటే బంతి చాలకపోవచ్చని ముందే తెలుసు. గోల్‌పోస్టుల కింద ప్రత్యర్థి ఒక మనిషిని నిలబెట్టాడని కంటికి కనిపిస్తోంది. టైమౌట్ తర్వాత ఆ మనిషి మారి జట్టులోని పంట్ వీరుడు వచ్చాడని కూడా కనిపిస్తోంది. గోడకు రెండు చివర్లా ఉండే ఇద్దరిని తీసి వేగమైన రక్షకులను పెట్టి ఉండవచ్చు. ‘తన్నిన చప్పుడు వినగానే ఇది ఫీల్డ్ గోల్ అని మరచిపోండి, ఇది పంట్ అనుకుని విచ్చుకోండి’ అని ఒక్క మాట చెప్పి పంపి ఉండవచ్చు. అదే టైమౌట్‌లో ఒక జట్టు తిరుగు పరుగు గురించి ఆలోచించింది, రెండో జట్టు కిక్కు గురించే ఆలోచించింది.

ఆబర్న్ వైపు ప్రమాదమే లేదని కూడా అనుకోవద్దు. బంతిని నేలకు వదిలేసి ఉంటే ఓవర్‌టైమ్ ఖాయం. పట్టుకున్నాక జారవిడిస్తే అలబామావాడు ఎత్తుకుని అక్కడికక్కడే టచ్‌డౌన్ చేసుకునేవాడు. ఇంకో గుంట కూడా ఉంది: ఎండ్ జోన్ దాటి బయటికి వచ్చాక, తప్పించుకోవడానికి తిరిగి లోపలికి వెళ్లి అక్కడ పట్టుబడితే సేఫ్టీ, అలబామాకు రెండు పాయింట్లు, ఆట 30-28తో ముగిసేది. వీడియో మళ్లీ చూస్తే డేవిస్ ఒక్కసారి కూడా వెనక్కి అడుగు వేయకపోవడం గమనిస్తారు. నేను ఆ రోజు ఇంట్లో టీవీలో చూశాను. అందరూ డేవిస్‌ను చూస్తుంటే నా కళ్లు నేల మీద పసుపు జెండా కోసం, అంటే తప్పు జరిగిందని అధికారి విసిరే గుర్తు కోసం, వెతికాయి. వెనక నుంచి ఒక్క తోపు తోసినా మొత్తం పరుగు గంగలో కలిసేది. అధికారుల జబ్బు అది, ఏం చేస్తాం.

ఇలాంటిదే, కానీ నియమం దృష్ట్యా కొంత వేరైనది, 2015 అక్టోబర్ 24న అట్లాంటాలో జరిగింది. జార్జియా టెక్, ఫ్లోరిడా స్టేట్ 16-16తో ఉండగా రాబర్టో అగుయో 56 గజాల కిక్కును జార్జియా టెక్ అడ్డగించింది, నేల మీద దొర్లుతున్న బంతిని లాన్స్ ఆస్టిన్ ఎత్తుకుని 78 గజాలు పరుగెత్తి 22-16తో గెలిపించాడు. దాన్ని కూడా కొందరు కిక్ సిక్స్ అంటారు గాని, అది అడ్డగించిన కిక్కు, డేవిస్‌ది గాల్లోనే అందుకున్న కిక్కు. డేవిస్ పరుగుకు అసలైన జంట కావాలంటే అదే 2013 సీజన్‌లో, సెప్టెంబర్ 7న, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) తరఫున ఓడెల్ బెక్హామ్ జూనియర్ యూఏబీ (బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం) మీద చేసింది చూడండి: తప్పిన కిక్కును ఎండ్ జోన్‌లో అందుకుని లెక్కల్లో 100 గజాలే పరుగెత్తాడు. ఆ మ్యాచ్ 56-17. గెలుపోటములు మారలేదు గనుక ఎవరికీ గుర్తు లేదు. అలబామా కాన్ఫరెన్స్‌లోనే, అదే ఏడాది, మూడు నెలలైనా గడవకముందే ఇది జరిగిందని గుర్తు చేసుకుంటే, సిద్ధం కాలేదన్న నా ఫిర్యాదు అన్యాయం కాదని మీకూ అనిపించవచ్చు.

కిక్కర్ల మీద పడి ఏడవడం మాత్రం మానుకోండి, మీ ఆఫీసులో ఎవరైనా మొదలుపెట్టినా కలవకండి. ఆ రాత్రి ఫాస్టర్‌కు సోషల్ మీడియాలో వచ్చిన తిట్లు, బెదిరింపులు ఎంతదాకా వెళ్లాయంటే, మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ స్వయంగా చేతిరాతతో అతడికి ఓదార్పు ఉత్తరం రాశాడు. గ్రిఫిత్ కథ ఇంకా వేరు. పోలండ్‌లో పుట్టి, అనాథాశ్రమంలో పెరిగి, పదమూడేళ్ల వయసులో జార్జియా రాష్ట్రపు కుటుంబం దత్తత తీసుకుంటే అమెరికా వచ్చినవాడు. 2016 జనవరి 11న క్లెమ్సన్‌తో జాతీయ టైటిల్ మ్యాచ్ 24-24 దగ్గర ఉండగా, ఆట తిరిగి మొదలుపెట్టే కిక్కును దూరంగా తన్నకుండా, ఎవరూ ఊహించని విధంగా పక్కకు లేపి వదిలాడు. సొంత జట్టు ఆటగాడే మార్లన్ హంఫ్రీ దాన్ని గాల్లో అందుకున్నాడు, అలబామా 45-40తో గెలిచింది. ఆ కిక్కు ఆదేశం ఇచ్చింది సేబనే.

మీ అబ్బాయి హైస్కూల్ మ్యాచ్ విషయానికి వస్తే, అక్కడి అధికారి చేసింది సరైనదే, నేనున్నా అదే చేసేవాణ్ని. అలబామాతో సహా దాదాపు దేశమంతటా హైస్కూళ్లు జాతీయ హైస్కూల్ సమాఖ్య నియమాలతో ఆడతాయి. వాటి ప్రకారం కిక్కు గోల్ గీత తలాన్ని దాటిందంటే, ఫీల్డ్ గోల్‌గా లోపలికి పోతే తప్ప, అది టచ్‌బ్యాక్, బంతి చచ్చినట్టే. గాల్లో పట్టుకున్నా, నేల మీద ఎత్తుకున్నా తేడా లేదు. గోల్ గీతకు ఇవతల, అంటే మైదానం లోపల, పడబోయే బంతిని పట్టుకుంటే మాత్రం పరుగెత్తవచ్చు. కనుక క్రిస్ డేవిస్ అదే బంతిని హైస్కూల్ మ్యాచ్‌లో అదే చోట పట్టుకుని ఉంటే, వెనక గీతకు గజం దూరంలో అతడు ఇంకా చేతులు చాచి ఉండగానే మా ఈల మోగేది. కాలేజీ ఆటను శనివారం చూసి, మా మ్యాచ్‌కు శుక్రవారం వచ్చే తండ్రులు ఈ ఈల విన్నప్పుడల్లా స్టాండ్ల నుంచి నన్ను తిడుతూనే ఉంటారు. అప్పుడు గోల్ గీత వైపు చెయ్యి చూపించి, బంతిని 20 దగ్గర పెట్టి, నా చోటికి నేను వెళ్లిపోతాను.